మన బలగం ఎవరి సొత్తు?

చేబదులిచ్చే పొరుగింటామె నుంచి ఫోన్‌లో పలకరించే చిన్ననాటి నేస్తం దాకా... మనిషికి మనిషి తెలిసి ఉండటంలోనే ఓ పెద్ద సంపద ఉందని అర్థశాస్త్రవేత్తలు లెక్కగట్టి చూపిస్తున్నారు. కర్ణాటక పల్లెల్లో, హైదరాబాద్ బస్తీల్లో, ఫేస్‌బుక్ స్నేహాల్లో సాగిన ఆ పరిశోధన మన ఊరి గురించీ మన చేతిలోని ఫోన్ గురించీ ఏం చెబుతోంది?

ఇంట్లో కిరసనాయిలు నిండుకుంటే ఎవరింటికి వెళ్లి తెచ్చుకుంటారు? ఉన్నట్టుండి డబ్బు అవసరమైతే చేబదులు ఎవరిస్తారు? ఒంట్లో బాగాలేకపోతే ముందుగా ఎవరి సలహా అడుగుతారు? తీరిక దొరికితే ఎవరింట్లో కూర్చుంటారు? గుడికి ఎవరితో కలిసి వెళ్తారు?

2006లో దక్షిణ కర్ణాటకలోని 75 పల్లెల్లో ఇంటింటికీ తిరిగి అడిగిన ప్రశ్నలివి. మొత్తం పన్నెండు రకాల సంబంధాల గురించి ఆరా తీశారు. పొలమెంత, పశువులెన్ని, ఆదాయమెంత అని అడిగే సర్వేలు మన పల్లెలకు కొత్త కాదు. ఎవరికి ఎవరు తోడు అని ఇంత ఓపిగ్గా అడిగిన సర్వేలు మాత్రం చాలా అరుదు.

జవాబులన్నిటినీ కాగితం మీదికి ఎక్కించారు. ప్రతి ఇల్లూ ఒక చుక్క. ఒక ఇంటికీ మరో ఇంటికీ రాకపోకలుంటే వాటి మధ్య ఒక గీత. అలా కలుపుకుంటూ పోతే ఒక్కో ఊరూ ఒక్కో చుక్కల ముగ్గులా తేలింది. ఎక్కడ గీతలు చిక్కగా ఉన్నాయో, ఎక్కడ పలచబడ్డాయో, ఏ ఇల్లు నడిమధ్యలో ఉందో, ఏ ఇల్లు ఓ మూల ఒంటరిగా మిగిలిందో కళ్లకు కట్టింది.

ఈ పని వెనక నలుగురు ఆర్థికవేత్తలున్నారు. పేదరికంపై పరిశోధనకు 2019లో మైకేల్ క్రెమర్‌తో పాటు నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఇద్దరు. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ మరో ఇద్దరు. మనుషుల పరిచయాలను అర్థశాస్త్రం ఎలా చూడాలో మూడు దశాబ్దాలుగా చెబుతూ వస్తున్న జాక్సనే ఈ కథనానికి కేంద్రం.

సంతలో మనిషి ఒంటరి కాడు

అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో కొనేవాడు, అమ్మేవాడు, మధ్యలో ధర ఉంటాయి. కొనేవాడికి అమ్మేవాడు చుట్టమా, ఊరివాడా, పరాయివాడా అన్న ప్రసక్తి ఉండదు. నిజ జీవితంలో మాత్రం ఉద్యోగం ఖాళీ ఉందన్న సంగతి మేనమామ కొడుకు చెబితే తెలుస్తుంది. కొత్త విత్తనం పక్క పొలంలో పండితేనే నమ్మకం కుదురుతుంది. అప్పు పుట్టాలంటే హామీ ఉండే మనిషి కావాలి. సరుకు కంటే ముందు మాట నడుస్తుంది. ఆ మాట పరిచయాల దారి వెంటే నడుస్తుంది.

ఈ దారులకు గణితం రూపమిచ్చే పనికి జాక్సన్ పూనుకున్నారు. 1996లో అషర్ వొలిన్‌స్కీతో కలిసి రాసిన వ్యాసంలో ఆయన ఒక మౌలికమైన విషయం తేల్చారు. ఒక పరిచయాన్ని నిలబెట్టుకోవాలంటే ఖర్చవుతుంది. సమయం, శ్రమ, పెట్టుపోతలు అన్నీ ఖర్చే. ఆ ఖర్చు నేను భరిస్తాను కానీ, నా పరిచయం వల్ల కలిగే లాభం నా ఒక్కడికే ఆగదు. నాకు ఒక డాక్టరు తెలిస్తే నా పక్కింటివాళ్లకూ అది అక్కరకొస్తుంది. ఎవరి లాభనష్టాలు వాళ్లే చూసుకుని స్నేహాలు పెంచుకుంటే సమాజానికి అవసరమైనన్ని బంధాలు ఏర్పడకపోవచ్చు. అంటే పరిచయం సొంత ఆస్తి ఒక్కటే కాదు, ఊరుమ్మడి ఆస్తి కూడా. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే తర్వాత వచ్చేవన్నీ సులువుగా బోధపడతాయి.

పరిచయాల బలం ఎంతటిదో చెప్పడానికి జాక్సన్ తన పుస్తకాల్లో పదిహేనో శతాబ్దపు ఇటలీకి తీసుకెళ్తారు. ఫ్లోరెన్స్ నగరంలో అప్పట్లో మెదీచి కుటుంబం కంటే స్ట్రోట్సి కుటుంబానికే సిరి ఎక్కువ, నగర పాలక సభలో స్థానాలూ ఎక్కువ. అయినా 1434 నాటికి అధికారం కొసిమో ద మెదీచి చేతికొచ్చింది. జాన్ ప్యాడ్జెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ అనే పరిశోధకులు ఆ కాలపు పెద్ద కుటుంబాల వియ్యాలను, వ్యాపార బంధాలను పట్టికలుగా పేర్చి 1993లో ప్రచురించారు. ఆ వియ్యాల పటంలో ఏ రెండు కుటుంబాలను తీసుకున్నా, వాటిని కలిపే దగ్గరి దారుల్లో సగానికి పైగా మెదీచి ఇంటి మీదుగానే పోతాయి. స్ట్రోట్సి ఇంటి మీదుగా పోయేవి సుమారు పదో వంతు. ఎంతమంది తెలుసన్నది ఒక్కటే కాదు, ఎవరెవరికి మధ్య మనం నిలబడ్డామన్నదే ఇక్కడ బలమైంది.

కబురు ఎవరి చెవిన వేయాలి?

కర్ణాటక పల్లెల సర్వే వెనక ఒక అవసరం ఉంది. భారత స్వముక్తి సంస్థే అనే సూక్ష్మ రుణ సంస్థ ఆ ప్రాంతంలో మహిళలకు అప్పులివ్వడానికి సిద్ధమైంది. సుమారు పది వేల రూపాయల అప్పు, యాభై వారాల వాయిదాలు. 75 ఊళ్లలో చివరికి 43 ఊళ్లకు ఆ సంస్థ వెళ్లింది. ప్రతి ఊళ్లోనూ పద్ధతి ఒకటే. ముందుగా టీచర్లు, దుకాణదారులు, పొదుపు సంఘాల నాయకురాళ్ల వంటి కొందరిని కలిసి పథకం వివరించి, నలుగురికీ చెప్పమని కోరేవారు.

పథకం ఒకటే, షరతులూ అవే. ఫలితం మాత్రం ఊరికో తీరుగా వచ్చింది. కొన్ని ఊళ్లలో అర్హులైన ఇళ్లలో ఏడు శాతమే చేరితే, మరికొన్నిచోట్ల 44 శాతం దాకా చేరాయి. తేడా ఎక్కడుందో వెతికితే, మొదట కబురు అందుకున్న వాళ్లు ఆ ఊరి సంబంధాల పటంలో ఎక్కడున్నారన్న దగ్గర తేలింది. వాళ్ల పరిచయస్తులు ఎంతమందన్నది పెద్దగా పనిచేయలేదు. ఆ పరిచయస్తులకు ఇంకెంతమంది తెలుసు, వాళ్లకు మరెంతమంది తెలుసు అన్నదే లెక్కకొచ్చింది. 2013లో సైన్స్ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ వ్యాసంలో మరో ముచ్చట ఉంది. పొరుగువాళ్లు అప్పు తీసుకున్నారు కదా అని జనం గుడ్డిగా వెంటపడలేదు. సంగతి తెలియడం వరకే పొరుగువాళ్ల పాత్ర. తెలిశాక ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. అంతేకాదు, అప్పు వద్దనుకున్నవాళ్లు కూడా కబురును ముందుకు చేరవేశారు. ఒక్కొక్కరుగా చూస్తే వాళ్లు చెప్పింది తక్కువే. అందరిదీ కలిపితే ఊళ్లో వ్యాపించిన సమాచారంలో దాదాపు మూడో వంతు వాళ్ల చలవే. పథకంలో చేరనివాళ్లు పథకానికి పనికిరారనుకునే అధికారులు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

అయితే ప్రతి ఊళ్లోనూ ఇంటింటికీ తిరిగి పటం గీయడం ఎవరి వల్ల అవుతుంది? దానికీ ఈ నలుగురు ఒక సులువైన దారి కనిపెట్టారు. ఊళ్లో అందరికీ ఒక సంగతి తెలియాలంటే ఎవరికి చెప్పాలి అని ఊరివాళ్లనే అడగడం. జనం చెప్పిన పేర్లను తమ దగ్గరున్న పటాలతో సరిచూస్తే, ఆ పేర్లు నిజంగానే సంబంధాల నడిమధ్యన ఉన్నవాళ్లవి. వాళ్లు పెద్ద హోదా ఉన్నవాళ్లు కానక్కర్లేదు, ఎక్కువమంది స్నేహితులున్నవాళ్లు కూడా కానక్కర్లేదు. ఎవరి మాట ఎంత దూరం పోతుందో ఊరికి తెలుసు. వింటున్న కబుర్లలో ఎవరి ప్రస్తావన ఎన్నిసార్లు వస్తోందో మనసు తనకు తెలియకుండానే లెక్కపెట్టుకుంటుంది.

దీన్ని రెండుసార్లు పరీక్షించారు. కర్ణాటకలోని 213 ఊళ్లలో, మిస్డ్ కాల్ ఇస్తే చాలు బహుమతి గెలుచుకునే అవకాశం ఉందన్న కబురును కొద్దిమందికే చెప్పి వదిలేశారు. ఎవరో ఒకరికి చెప్పిన ఊళ్ల నుంచి సగటున 8 కాల్స్ వచ్చాయి. జనం పేరు పెట్టి చెప్పిన కబుర్ల మనుషులకు చెప్పిన ఊళ్ల నుంచి సుమారు 12 వచ్చాయి. ఊరి పెద్దలకు చెప్పినందువల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమీ లేదు. రెండో పరీక్ష హరియాణాలోని 521 పల్లెల్లో, పిల్లల టీకాల మీద జరిగింది. నెలనెలా జరిగే టీకా శిబిరం వివరాలను కబుర్ల మనుషులకు అందించిన ఊళ్లలో, ఇతరులకు చెప్పిన ఊళ్ల కంటే 22 శాతం ఎక్కువ మంది పిల్లలకు టీకాలు పడ్డాయి. కొత్త సిబ్బంది లేరు, పెద్ద ఖర్చూ లేదు. సరైన చెవిన వేసిన మాట పసిపిల్లల ఆరోగ్యాన్ని కాపాడింది.

ఊరూరా మహిళా సంఘాలున్న ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఇంతకంటే పనికొచ్చే పాఠం ఏముంటుంది? ఏ కొత్త పథకం వచ్చినా కబురు మొదట సర్పంచికీ, సంఘం అధ్యక్షురాలికీ వెళ్తుంది. ఆమె మంచి నాయకురాలు కావచ్చు, కానీ ఆమె మాట వాడ చివరి ఇంటిదాకా పోతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు ఆ వాడలోనే ఉంది. అడగడమే ఆలస్యం.

హైదరాబాద్ బస్తీల్లో తెగిన దారాలు

ఇదే కథలో మనసును కలచివేసే మలుపు ఒకటి ఉంది. దానికి మన హైదరాబాదే ఒక వేదిక.

సూక్ష్మ రుణాల వల్ల పేదల బతుకులు బాగుపడతాయా అని తేల్చడానికి బెనర్జీ, డుఫ్లో మరికొందరితో కలిసి హైదరాబాద్‌లోని 104 బస్తీలను ఎంచుకున్నారు. లాటరీ పద్ధతిలో వాటిలో 52 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మ రుణ సంస్థ ముందుగా అడుగుపెట్టింది. మిగిలిన బస్తీలకు అప్పు తర్వాత అందింది. అప్పులతో కొందరి వ్యాపారాలు విస్తరించాయి కానీ, బతుకులు ఒక్కసారిగా మారిపోయిన దాఖలా కనబడలేదు. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుతో ఆ వ్యాపారమే మన దగ్గర దాదాపు స్తంభించింది. ఆనాటి వసూళ్ల ఒత్తిళ్లు, కుటుంబాల కన్నీళ్లు తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు.

బెనర్జీ, ఎమిలీ బ్రెజా, చంద్రశేఖర్, డుఫ్లో, జాక్సన్, సింథియా కినన్ అడిగిన ప్రశ్న వేరు. అప్పు దొరకడం మొదలయ్యాక ఇరుగుపొరుగు సంబంధాలు ఏమయ్యాయి? కర్ణాటకలోని 75 ఊళ్లకు మళ్లీ వెళ్లి చూశారు. అప్పుల సంస్థ వచ్చిన 43 ఊళ్లలో మిగతా 32 ఊళ్ల కంటే సంబంధాలు ఎక్కువగా తగ్గాయి. హైదరాబాద్ బస్తీల్లోనూ అంతే. అప్పు ముందుగా అందుబాటులోకి వచ్చిన బస్తీల్లో మనుషుల మధ్య బంధాలు పలచబడ్డాయి.

అప్పు తీసుకున్నవాళ్లకు పొరుగువాళ్ల చేబదులుతో పని తగ్గింది కాబట్టి వాళ్ల రాకపోకలు తగ్గాయంటే అర్థం చేసుకోవచ్చు. ఆశ్చర్యం అది కాదు. అప్పు తీసుకునే అవకాశం చాలా తక్కువున్న ఇళ్ల మధ్య ఉన్న సంబంధాలు కూడా అదే స్థాయిలో తెగిపోయాయి. అందరికంటే ఎక్కువ నష్టపోయింది వాళ్లే. సంస్థ అప్పు వాళ్లకు అందలేదు. అంతకుముందు అందే చేబదులూ అందకుండా పోయింది. పనిలేని నెలలో ఇల్లు గడవడం మరింత కష్టమైంది.

ఎందుకిలా? పరిశోధకుల వివరణ మన అనుభవానికి దగ్గరగా ఉంటుంది. బంధాలు చాలావరకు ఎవరూ అనుకుని పెంచుకునేవి కావు. నలుగురు చేరే చోట తారసపడితే మాట కలుస్తుంది, మాట మీద స్నేహం నిలుస్తుంది. కొందరు అలా చేరడం మానేస్తే మిగిలినవాళ్లకూ అక్కడికి వెళ్లాలన్న ఉత్సాహం తగ్గుతుంది. అరుగు ఖాళీ అయితే నష్టం లేచి వెళ్లినవాళ్లకే కాదు, కూర్చునే ఉన్నవాళ్లకు కూడా. పరిచయం ఊరుమ్మడి ఆస్తి అని 1996లో జాక్సన్ కాగితం మీద రాసిన మాటే హైదరాబాద్ బస్తీల్లో మరో రూపంలో కనిపించింది.

నలుగురూ చేరే చోటు ఇప్పుడు ఎక్కడుందో ఆలోచించండి. మన చేతిలోని ఫోన్‌లో ఉంది.

స్నేహాల సంఖ్య 2,100 కోట్లు

పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ఏళ్ల తరబడి గీసిన పటాలు ఫేస్‌బుక్ దగ్గర ఎప్పటికప్పుడు వాటంతటవే తయారవుతుంటాయి. హార్వర్డ్ ఆర్థికవేత్త రాజ్ చెట్టి నాయకత్వంలో జాక్సన్, థెరెసా కుక్లర్, యొహానెస్ స్ట్రోబెల్ తదితరులు అమెరికాలోని 25 నుంచి 44 ఏళ్ల మధ్య వయసున్న 7 కోట్ల 22 లక్షల మంది ఫేస్‌బుక్ వాడకందారుల స్నేహాలను పేర్లు తొలగించి పరిశీలించారు. లెక్కకొచ్చిన స్నేహాలు 2,100 కోట్లు. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన ఈ పరిశోధన చాలామంది నమ్మకాలను కదిలించింది.

పేదింటి పిల్లలు పెద్దయ్యాక పైకి రావడానికి అన్నిటికంటే బలంగా ముడిపడి ఉన్న విషయమేమిటి? వాళ్లు పెరిగిన ఊళ్లో పేదలకూ కలిగినవాళ్లకూ మధ్య ఎన్ని స్నేహాలున్నాయన్నదే. కలిగిన ఇంటి పిల్లలకు ఉన్నంతగా కలిగినవాళ్ల స్నేహాలు పేదపిల్లలకూ ఉండే ప్రాంతంలో పెరిగితే, పెద్దయ్యాక వాళ్ల ఆదాయం సగటున 20 శాతం ఎక్కువ ఉంటుందని అంచనా కట్టారు. ఆ స్నేహాలు ఎందుకు కుదరడం లేదో కూడా విడదీసి చెప్పారు. సగం కారణం ఒకే బడిలో, ఒకే వీధిలో కలిసి ఉండకపోవడం. మిగతా సగం, కలిసి ఉన్నా కలవకపోవడం.

కులాల వాడలు వేరువేరుగా ఉండే మన ఊళ్లకు ఈ మాట గట్టిగా తగులుతుంది. కర్ణాటక పటాల్లోనూ ఒక కులంవాళ్ల మధ్య గీతలు చిక్కగా, కులాన్ని దాటిన గీతలు చాలా పలచగా కనిపించాయి. బియ్యం, కిరసనాయిలు ఇచ్చిపుచ్చుకోవడంలోనూ అదే అడ్డుగోడ. కబురు అందనివాళ్లకు అవకాశం అందదు. పేదరికానికి చేతిలో డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు, కబురు అందే దారి లేకపోవడం కూడా కారణమే.

ఆన్‌లైన్ పరిచయాలు ఈ దారిని తెరవగలవు. దగ్గరివాళ్ల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల ద్వారానే ఉద్యోగ సమాచారం ఎక్కువగా అందుతుందని సామాజికవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లోనే చెప్పారు. మన దగ్గరివాళ్లకు తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, కొత్త సంగతి దూరపు పరిచయం నుంచే వస్తుందన్నది ఆయన తర్కం. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో ఐదేళ్లపాటు రెండు కోట్ల మందిపై జరిగిన ప్రయోగాలను విశ్లేషించి ఆ మాటను బలపరిచింది. మరీ దగ్గరా మరీ దూరమూ కాని పరిచయాలే కొత్త ఉద్యోగానికి ఎక్కువగా దారి చూపాయి. అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో పక్క కుర్చీలో కూర్చున్న పరిచయం డాలస్‌లో ఉద్యోగానికి సిఫారసుగా మారిన కథలు తెలుగు ఇళ్లలో కొల్లలు. ఆ కథల వెనకున్న సూత్రం ఇదే.

మనకంటే మన స్నేహితులకే స్నేహితులు ఎక్కువ... ఎందుకు?

సోషల్ మీడియా తెరిస్తే అందరూ మనకంటే సందడిగా, సంతోషంగా కనిపిస్తారు. దీనికి వెనకున్న లెక్కను సామాజికవేత్త స్కాట్ ఫెల్డ్ 1991లో వివరించారు. ఇరవైమంది స్నేహితులున్న అమ్మాయి ఇరవైమంది జాబితాల్లో కనబడుతుంది. ఇద్దరే ఉన్న అమ్మాయి రెండు జాబితాల్లోనే ఉంటుంది. కాబట్టి ఎవరి జాబితా చూసినా ఎక్కువ స్నేహాలున్నవాళ్లే ఎక్కువగా తగులుతారు. మన లోపం ఏమీ లేదు, లెక్క అలాంటిది. జాక్సన్ దీన్ని మరో అడుగు ముందుకు తీసుకెళ్లారు. ఎక్కువమందికి కనిపించేవాళ్ల అలవాట్లే లోకం తీరు అని మనం పొరబడతామని 2019 నాటి వ్యాసంలో చూపించారు. వాళ్లు ఎక్కువ ఖర్చు చేస్తే అందరూ అంతే ఖర్చు చేస్తున్నారనుకుంటాం. యుక్తవయసు పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఒక్క లెక్క పిల్లలకు విడమరిచి చెబితే చాలా బెంగ తగ్గుతుంది.

ఫోన్ తెచ్చిన లాభం, వేసిన సంకెల

ఫోన్ మనకు మేలు చేయలేదని అనడం అన్యాయం. 1997 జనవరి 14న ఉత్తర కేరళలోని వడకర తీరంలో పదకొండు పడవలవాళ్లు పట్టిన చేపలను కొనేవాళ్లు లేక పారబోయడానికి సిద్ధపడ్డారు. అదే సమయంలో పదిహేను కిలోమీటర్ల లోపు రేవుల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వట్టి చేతులతో వెళ్లబోతున్నారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ తన 2007 నాటి వ్యాసంలో ఈ సంఘటనను వివరించారు. ఆ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చాక నడిసంద్రం నుంచే రేవుల్లో ధరలు కనుక్కోవడం మొదలైంది. చేపలు పారబోయడం ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది.

వడకర మత్స్యకారుడికి ఒక సౌలభ్యం ఉంది. అతని ఫోన్ ఏ కంపెనీదైనా ఏ రేవుకైనా మాట్లాడగలదు. అమెరికాలో టెలిఫోన్ తొలినాళ్లలో అదీ లేదు. ఒక కంపెనీ ఫోన్ నుంచి మరో కంపెనీ ఫోన్‌కు మాట కలవక, కొన్ని నగరాల్లో వ్యాపారులు రెండేసి ఫోన్లు పెట్టుకునేవారు. 1913లో ప్రభుత్వ ఒత్తిడికి తలవంచి ఏటీఅండ్‌టీ కంపెనీ తన దూరపు లైన్లలోకి చిన్న కంపెనీలను అనుమతించింది. మాట తీగలు దాటింది.

ఎక్కువమంది ఉన్న చోటికే ఇంకా ఎక్కువమంది చేరతారన్న సూత్రాన్ని జెఫ్రీ రోల్ఫ్స్ 1974లో, మైకేల్ కాట్జ్, కార్ల్ షపీరో 1985లో వివరించారు. డిజిటల్ మార్కెట్లన్నీ ఈ పునాది మీదే లేచాయి. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అందులో ఉద్యోగులు 55 మందే. వాడేవాళ్లు 45 కోట్ల మంది. అంత డబ్బు పోసి కొన్నది భవనాలను కాదు, యంత్రాలను కాదు. ఆ 45 కోట్ల మంది ఒకరికొకరు తెలిసి ఉండటాన్ని కొన్నారు. ఆ పరిచయాలను పెంచింది మనం. వాటికి ధర కట్టించుకున్నది వేరొకరు.

ఇష్టం లేకపోతే వదిలేయొచ్చు కదా అంటారు. అది అంత సులువు కాదని లియొనార్డో బర్స్‌టిన్, బెంజమిన్ హ్యాండెల్, రఫేల్ హిమెనెజ్, క్రిస్టఫర్ రాత్ 2023లో తేల్చారు. అమెరికాలో వెయ్యిమందికి పైగా కాలేజీ విద్యార్థులను, నాలుగు వారాలు టిక్‌టాక్ మానేయడానికి ఎంత కావాలని అడిగితే సగటున 59 డాలర్లన్నారు. ఇన్‌స్టాగ్రామ్‌కు 47 డాలర్లు. తర్వాత ప్రశ్న మార్చారు. కాలేజీలో అందరూ కలిసి మానేస్తే? అప్పుడు డబ్బు అడగడం మాని, తామే ఎదురు డబ్బు ఇస్తామన్నారు. టిక్‌టాక్‌కు 28, ఇన్‌స్టాగ్రామ్‌కు 10 డాలర్లు. తోటివాళ్లందరూ అక్కడున్నారు కాబట్టే తామూ ఉన్నారు. లేకపోతే వెలిపడిపోతామన్న భయమే వాళ్లను కట్టేసింది. హంట్ ఆల్కాట్ బృందం 2018లో చేసిన మరో ప్రయోగంలో నాలుగు వారాలు ఫేస్‌బుక్ మానేసినవాళ్లకు రోజుకు సగటున ఒక గంట మిగిలింది. ఆ గంటలో కొంత ఇంటివాళ్లతో, స్నేహితులతో గడిపారు. వార్తల పరిజ్ఞానం కొంత తగ్గినా మనసు కాస్త తేలికపడింది.

బాగా నడుస్తున్న మార్కెట్ అంటే అక్కడ కొనేవాడు నచ్చే కొంటున్నాడని అర్థశాస్త్రం నమ్ముతుంది. పక్కవాడు ఉన్నాడు కాబట్టి తప్పక ఉండే చోట ఆ నమ్మకం నిలబడదు.

దారి మన దేశంలోనే ఉంది

పరిచయాలు జనానివి, దారి ఒక కంపెనీది అయినప్పుడు ఏం చేయాలి? దీనికి జవాబు కోసం దూరం వెళ్లక్కర్లేదు. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా మొబైల్ నంబర్ మార్చకుండా కంపెనీ మారే వీలు వచ్చింది. అంతకుముందు నచ్చని కంపెనీతో సర్దుకుపోయినవాళ్లు నంబర్ పోతుందన్న ఒక్క బెంగతోనే సర్దుకున్నారు. తెలిసినవాళ్లందరి దగ్గరా ఉన్నది ఆ నంబరే మరి. ఒక్క నిబంధనతో ఆ బెంగ తీరింది.

2016 ఏప్రిల్‌లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ప్రారంభించిన యూపీఐ ఇంకా పెద్ద ఉదాహరణ. ఫోన్‌పేలో ఉన్నవాళ్లు గూగుల్ పేలో ఉన్నవాళ్లకు డబ్బు పంపొచ్చు. బ్యాంకు వేరైనా, యాప్ వేరైనా కూరగాయల బండి మీది ఒక్క క్యూఆర్ కోడ్ చాలు. 2023 ఆగస్టులోనే నెలకు వెయ్యి కోట్ల లావాదేవీలు దాటిన ఈ వ్యవస్థలో దారి అందరిది, బండి మాత్రం ఎవరికి నచ్చింది వాళ్లది. అయినా ఇక్కడా జాగ్రత్త అవసరం. లావాదేవీల్లో సుమారు 80 శాతం రెండు యాప్‌ల చేతిలోనే ఉన్నాయి. ఏ ఒక్క యాప్ వాటా 30 శాతం మించకూడదన్న నిబంధనను 2020లో ప్రకటించి, గడువును 2026 చివరికి పొడిగించారు. ఆ గడువు మళ్లీ మళ్లీ జరుగుతూ పోకూడదు.

సందేశాల విషయంలో మనం ఇంకా 1913కు ముందటి అమెరికాలోనే ఉన్నాం. వాట్సాప్ నుంచి మరో యాప్‌కు మామూలుగా మాట కలవదు. ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్ల చట్టం 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలకు పూర్తిగా వర్తిస్తోంది. కోరిన ఇతర మెసేజింగ్ సంస్థలకు వాట్సాప్ తలుపు తెరవాలని అది ఆదేశిస్తోంది. మన దేశంలో పోటీ కమిషన్, 2021 నాటి గోప్యతా విధానాన్ని ఒప్పుకుని తీరాలన్న షరతు ఆధిపత్య దుర్వినియోగమేనంటూ 2024 నవంబరులో మెటాపై 213 కోట్ల 14 లక్షల రూపాయల జరిమానా విధించింది. మెటా దానిపై అప్పీలుకు వెళ్లింది. జరిమానాలు అవసరమే, కానీ జరిమానా కట్టాక కూడా దారి కంపెనీదిగానే మిగిలితే జనానికి ఒరిగేది తక్కువ.

మాథ్యూ జాక్సన్, ఆయన సహచరుల మూడు దశాబ్దాల పరిశోధన మన ముందుంచిన నిజం ఒక్కటే. మనుషుల మధ్య బంధం ఉమ్మడి ఆస్తి. సరైన మనిషికి చెబితే అది టీకాలు వేయిస్తుంది. గోడలు దాటితే పేదపిల్లల ఆదాయం పెంచుతుంది. పట్టించుకోకపోతే, తప్పేమీ చేయనివాళ్లకు కూడా తెగిపోతుంది. అటువంటి ఆస్తిని ఏదో ఒక సంస్థ ఇనప్పెట్టెలో పెట్టి తాళంచెవి వాళ్లకే ఇవ్వడం న్యాయం కాదు.

అందుకే మన చట్టసభలు మూడు హక్కులు రాసివ్వాలి. ఒక యాప్ వదిలి మరో యాప్‌కు వెళ్లినా మన పరిచయాలు మనతో వచ్చే హక్కు. ఏ యాప్ నుంచైనా ఏ యాప్‌కైనా మాట కలిసే హక్కు. మన స్నేహాల వివరాలతో ఏం వ్యాపారం చేస్తున్నారో తెలుసుకుని, కాదనే హక్కు. పథకాలు నడిపే ప్రభుత్వాలు ఊరి కబుర్ల మనుషులను గుర్తించి గౌరవించాలి. బడిలో పిల్లలు కులాల, అంతస్తుల గోడలు దాటి ఒకే బల్ల మీద కూర్చునేలా చూడాలి.

పాఠకులుగా మన వంతు కూడా ఉంది. చేబదులడిగే పొరుగువారిని, మాట కలిపే అపరిచితుణ్ని భారంగా చూడకండి. పేదింటి పిల్లాడికి మీకు తెలిసిన ఒక ఉద్యోగం కబురు చెప్పండి. డబ్బు ఖర్చుకాని ఆ సాయమే చాలాచోట్ల అన్నిటికంటే పెద్ద సాయమని లెక్కలే చెబుతున్నాయి.